ఆర్ట్ సినిమాలు చూసి ఇంట్లోనే కొత్తవి గమనించడం ఎలా

ఆర్ట్ సినిమా అనగానే చాలామంది "బాబోయ్ స్లో, ఏమీ జరగదు" అని పది నిమిషాలకే ఆపేస్తారు, కానీ నాకైతే ఆ ఏమీ జరగని చోటే అసలు సరుకంతా ఉంటుంది. మాటలు అయిపోయి మనుషులు వెళ్లిపోయాక కూడా కెమెరా అక్కడే ఉండిపోతుంది చూడండి, అప్పుడే మన కన్ను పని మొదలుపెడుతుంది. కాస్త ప్రాక్టీస్ చేస్తే ఈ చూపు ఎవరికైనా వస్తుంది.

ముందు సినిమా మొత్తం చూసేయాలని పెట్టుకోకండి, ఒక్క సీన్ చాలు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)లో వానకి ముందు చెరువు నీళ్ల మీద సన్నకాళ్ల పురుగులు మునగకుండా అలా జారిపోతుంటాయి, గాలికి ఆకులు లేస్తుంటాయి, రవిశంకర్ సితార్ తప్ప ఒక్క మాట వినపడదు. ఫోన్ పక్కగదిలో పడేసి చూడండి. తర్వాత సౌండ్ తీసేసి మళ్లీ చూడండి, ఈసారి పురుగుల్ని వదిలేసి నీళ్ల మీద వెలుగునే పట్టుకోండి.

ఇక వెలుగు సంగతి, నాకు బాగా ఇష్టమైనది ఇదే. రాయ్ తర్వాతి సినిమా 'అపరాజితో' (1956)లో కాశీ ఇల్లు స్టూడియోలో వేసిన సెట్టు, దానికి ఆకాశం వెలుగు రావాలని కెమెరామన్ సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ కట్టించి లైట్లు దాని మీదకి కొట్టారు, ఆ వెలుగు తిరిగి మెత్తగా కిందకి పడుతుంది, నీడలు గట్టిగా రావు. ఇది తెలిశాక మధ్యాహ్నం మీ వంటింట్లో నిలబడి చూడండి, ఎదురు అపార్ట్‌మెంట్ తెల్లగోడకి తగిలిన ఎండే మీ గట్టు మీదకి వస్తుంటుంది, స్టీలు గిన్నెలకి ఒక పక్కంతా తెల్లగా, ఇంకో పక్క బూడిదరంగులో. లైట్ వేయకండి, కాసేపు అలాగే ఉండనివ్వండి.

రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ 'మిర్రర్' (1975)లో బల్ల మీద వేడి కప్పు వదిలిన ఆవిరి మచ్చ మెల్లగా మాయమైపోవడం చూపిస్తారు, అంతే, అదే సీను. మనమూ టీ గ్లాసు తీసేశాక ఆ మచ్చ పూర్తిగా పోయేదాకా కదలకుండా చూస్తే సరి, అంచు ముందు పోతుందో మధ్యలో ముందు పోతుందో మీరే చెప్పండి.

జపాన్ దర్శకుడు ఓజు సినిమాలైతే (టోక్యో స్టోరీ, 1953) కెమెరా నేలకి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి హాల్లో కింద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, గుమ్మం, కర్టెన్ అంచు, నడిచే పాదాలు, అన్నీ వేరేగా కనపడతాయి.

ఫొటో మాత్రం వెంటనే తీయొద్దు, తీయగానే చూడటం ఆగిపోతుంది. రాత్రి ఒక లైను రాసుకోండి, "బాగుంది" అని కాదు, ఏ రంగు, ఎటు నుంచి వెలుగు, ఏం చప్పుడు అని.

సబ్‌టైటిల్స్‌తో కన్ను కిందకే పోతోందనుకుంటే బి. నర్సింగరావు గారి 'దాసి' (1988) పెట్టుకోండి, తెలంగాణ గడీలో (దొర బంగ్లాలో) దాసిగా ఉన్న అమ్మాయి కథ, మాటలు చాలా తక్కువ. అందులో ఫ్రేములు ఎంత అందంగా ఉంటాయో ఆ అమ్మాయి చాకిరీ అంత బరువుగా ఉంటుంది, దయచేసి వెలుగునే చూసి ఆమెని వదిలేయకండి.