మెదడు సర్క్యూట్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: తల ఊగినా అక్షరం చెదరదు

పోయిన పాఠంలో మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎందుకు ఎగురుతుందో చూశాం. అక్కడ కండరం నుంచి కబురు తెచ్చే న్యూరాన్ (నాడీకణం), కండరాన్ని కదిలించే న్యూరాన్‌ని వెన్నుపాములో నేరుగా కలుస్తుంది. ఈసారి సర్క్యూట్‌లో ఒక న్యూరాన్ ఎక్కువ, చోటు మెదడు కాండం, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే భాగం.

ముందు ఒక దినపత్రిక తెచ్చుకోండి. చేయి చాపి పట్టుకుని, తల కదపకుండా కాగితాన్ని సెకనుకు రెండు మూడుసార్లు కుడి ఎడమలకు ఊపండి. చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు కాగితాన్ని కదపకుండా, అంతే వేగంగా తలను అడ్డంగా ఊపండి. మెడనొప్పి ఉన్నవాళ్లు ఇది చేయొద్దు. వార్త హాయిగా చదవొచ్చు!

తేడా ఎక్కడ వచ్చింది? ఏ సర్క్యూట్ దగ్గరైనా పేర్ల జోలికి పోకముందు 'దీనికి ఎంత టైముంది?' అని అడగండి. బొమ్మ జరిగిందని రెటీనా పసిగట్టి, ఆ కబురు కంటి కండరాల దాకా చేరేసరికి దాదాపు పదో వంతు సెకను పడుతుంది. ఆలోపు మీ తల ఒక ఊపులో సగం దూరం వెళ్లిపోతుంది. కాబట్టి తల ఊగేటప్పుడు కళ్లను సరిదిద్దే పని చూపు మీద వదిలేస్తే కుదరదు. తల తిరగడాన్ని పసిగట్టే లోపలి చెవికి ఆ పని చేయడానికి సెకనులో నూరో వంతు చాలు.

ఇక దారి పట్టుకుందాం. కాగితం మీద గీసుకుంటూ చదవండి, లేకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. తల కుడికి తిప్పారు. కుడి చెవిలోని అడ్డ అర్ధవర్తుల కుల్యలో (అడ్డంగా ఉన్న, వంపు తిరిగిన సన్నటి గొట్టంలో) ద్రవం వెనకబడుతుంది, అక్కడి రోమకణాల మీది సన్నని రోమాలు వంగుతాయి. మొదటి న్యూరాన్ ఆ కబురును మెదడు కాండంలో కుడివైపునున్న వెస్టిబ్యులార్ కేంద్రకానికి (లోపలి చెవి కబుర్లు అందుకునే న్యూరాన్ల గుంపుకి) చేరుస్తుంది. అక్కడి రెండో న్యూరాన్ మధ్యగీత దాటి, ఎడమవైపు ఆరో కపాల నాడి కేంద్రకాన్ని తట్టిలేపుతుంది. అక్కడి మూడో న్యూరాన్ ఎడమ కంటి బయటి కండరాన్ని లాగుతుంది. మరి కుడి కన్ను? అదే ఆరో కేంద్రకంలోని వేరే న్యూరాన్లు మళ్లీ మధ్యగీత దాటి, కుడివైపు మూడో నాడి కేంద్రకానికి వెళ్లి, కుడి కంటి లోపలి కండరాన్ని లాగిస్తాయి. తల కుడికి, కళ్లు రెండూ ఎడమకి. ఈ మూడు న్యూరాన్ల దారిని నాడీశాస్త్రవేత్త లోరెంటే డి నో 1933లో వివరించాడు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఎడమ చెవి సంగతే. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా ఈ మొదటి న్యూరాన్లు ఊరుకోవు. కోతుల్లో కొలిస్తే సెకనుకు సగటున 90 సంకేతాల దాకా పంపుతూనే ఉన్నాయి. తల కుడికి తిరిగితే కుడివైపు ఆ లెక్క పెరుగుతుంది, ఎడమవైపు తగ్గుతుంది. నిశ్చలంగా ఉన్నప్పుడే అంత పని జరుగుతోంది కనుక, తగ్గడం కూడా ఒక కబురే అవుతుంది. మెదడు రెండు చెవుల తేడాను చదువుకుంటుంది.

ఈ దారి తెలిస్తే డాక్టర్లు కళ్లు తిరుగుతున్నాయని వచ్చినవాళ్ల తలను ఎందుకు చటుక్కున తిప్పుతారో అర్థమవుతుంది. హాల్మాగీ, కర్తాయిస్ అనే పరిశోధకులు 1988లో వివరించిన పరీక్ష అది. రోగి డాక్టర్ ముక్కునే చూస్తుండాలి. కుడి కుల్య దెబ్బతింటే, తల కుడికి తిప్పినప్పుడు కళ్లు తలతో పాటే కొట్టుకుపోయి, తర్వాత గబుక్కున ముక్కు మీదికి తిరిగొస్తాయి.

వచ్చే పాఠంలోపు ఒక అభ్యాసం. దగ్గరివే కనిపించేవాళ్లకు ఇచ్చే మైనస్ అద్దాలు బొమ్మను కాస్త చిన్నది చేస్తాయి. కొత్తగా పెట్టుకున్న రోజుల్లో తల తిప్పితే నేల ఊగినట్టుంటుంది, కొన్నాళ్లకు సర్దుకుంటుంది. అలా సర్దుకోవాలంటే కళ్లు మునుపటికన్నా ఎక్కువ తిరగాలా, తక్కువ తిరగాలా? మీరు గీసుకున్న బొమ్మలో తప్పు జరిగిందన్న కబురు ఏ చోటికి వచ్చి చేరాలి? మీకు తోచిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి 4వ పాఠంలో మెదడు వెనక, కింది భాగమైన అనుమస్తిష్కంలోకి వెళ్దాం.