శాలువా రోజు, తిట్ల రోజు: మన జిల్లా క్రీడాకారులు మీడియాలో నలిగిపోకుండా చూసుకునే పద్ధతి

మన వరంగల్ వైపు నర్సంపేటలోనో పరకాలలోనో ఓ పిల్ల రాష్ట్ర స్థాయి 400 మీటర్లలో బంగారు పతకం కొట్టిందనుకోండి. సాయంత్రానికి మండల విలేకరి ఫోన్ వస్తుంది. రాత్రికి యూట్యూబ్ చానెళ్ల లోగోలు ఇంటి ముందుంటాయి. తెల్లారేసరికి బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది. ఆ ఒక్క రోజు ఏం రాయించుకున్నారన్నదాన్ని బట్టే, రెండేళ్ల తర్వాత ఓడిన రోజు ఏం రాస్తారో సగం తేలిపోతుంది. పీఈటీలు, కోచ్‌లు, తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఎక్కువగా ఆ మొదటి రోజే. అందుకే దాని గురించే ఇక్కడ ఎక్కువ.

వార్త ఎట్లా తయారవుతుంది

మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. యాక్సిడెంట్, వడ్ల కొనుగోలు, ఎమ్మెల్యే పర్యటన, అన్నీ ఆయనే చూసుకోవాలి. 400 మీటర్లలో 60 సెకన్లు మంచి టైమో కాదో ఆయనకు తెలియకపోవచ్చు, అది ఆయన తప్పేమీ కాదు. రేకుల ఇల్లు, తల్లి కన్నీళ్లు, కూలి బతుకు ఉంటే వార్త జిల్లా పేజీలో పైన పడుతుందని మాత్రం బాగా తెలుసు. డెస్క్‌లో సబ్ ఎడిటర్ ఆ పన్నెండు లైన్లకు శీర్షిక పెట్టాలి. "ఓరుగల్లు చిరుత", "మట్టిలో మాణిక్యం", "పరుగుల రాణి" ఎప్పుడూ చేతికందేంత దగ్గర్లోనే ఉంటాయి.

ఈ మాటల్లో కొలత లేదు. కొలత లేని పొగడ్త పై నుంచి కిందికి మెల్లగా దిగదు, దబ్బున పడుతుంది. చిరుత రెండో స్థానంలో వస్తే ఏమనాలి? "చతికిలపడింది" అనడమే మిగులుతుంది. కాబట్టి వార్తలోకి కొలత ఎక్కించే పని మీదే.

ప్రెస్ నోట్ మీరే రాయండి

సాయంత్రం నాలుగు లోపే పంపండి. జిల్లా పేజీలు మెయిన్ పేజీల కన్నా ముందే మూసేస్తారు. ఆలస్యమైతే నోట్ చదివే తీరిక ఎవరికీ ఉండదు, ఫోన్‌లో విన్న రెండు ముక్కలతో వార్త అల్లేస్తారు. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపకండి. వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపితే విలేకరి కాపీ చేసుకుంటాడు, మీ అంకె మీరు రాసినట్టే అచ్చులోకి పోతుంది. తోడుగా ఒకే ఫొటో, కింద ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు.

నోట్ ఎనిమిది వాక్యాలు దాటొద్దు. ఉండాల్సినవి: మీట్ పేరు, నిర్వహించింది ఎవరు (స్కూల్ గేమ్స్ ఫెడరేషనా, అథ్లెటిక్స్ సంఘమా), వయసు విభాగం, హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు పరుగుల్లో), ఫైనల్లో ఎంతమంది, టైమ్, అంతకుముందు ఆ పిల్ల సొంత బెస్ట్, తర్వాతి మీట్. నమూనా ఇట్లా ఉంటుంది:

"రాష్ట్ర అండర్-18 మీట్ బాలికల 400 మీటర్లలో ఫలానా ఉన్నత పాఠశాల విద్యార్థిని మొదటి స్థానం సాధించింది. సమయం 60.4 సెకన్లు, స్టాప్‌వాచ్ టైమింగ్. నాలుగు నెలల కింద ఆమె బెస్ట్ 61.9. ఫైనల్లో ఎనిమిది మంది పరుగెత్తారు. జాతీయ మీట్‌లో ఫైనల్ చేరాలంటే ఇంకా మూడు సెకన్లు తగ్గాలని కోచ్ చెప్పారు."

ఆ చివరి వాక్యమే అసలు బీమా. గెలిచిన రోజే ఎంత దూరం మిగిలిందో అచ్చులో పడితే, జాతీయ మీట్‌లో ఆరో స్థానం వచ్చినప్పుడు అది పతనంలా కనిపించదు. మూడు సెకన్లన్నది నమూనా అంకె. మీ పిల్లకు కిందటేడు జాతీయ ఫలితాల షీట్ చూసి లెక్క కట్టండి.

నోట్లు తప్పేది ఎక్కువగా అంకెల దగ్గరే. 2021 సెప్టెంబర్‌లో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది. ఆ స్థాయి మీట్‌లో టైమింగ్ ఎలక్ట్రానిక్. మన స్కూల్ మీట్లలో చాలావరకు స్టాప్‌వాచే. స్టాప్‌వాచ్ టైమ్‌ను ఎలక్ట్రానిక్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకు 0.24 సెకన్లు, 400 మీటర్లకు 0.14 సెకన్లు కలపాలి. ఇది కలపకుండా "రాష్ట్ర రికార్డు బద్దలు" అని రాయించుకుంటే, ఆర్నెల్ల తర్వాత ఎలక్ట్రానిక్ ట్రాక్ మీద అదే పిల్ల "వెనకబడిపోయినట్టు" కనిపిస్తుంది. 100, 200, లాంగ్ జంప్‌లలో వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డుగా లెక్కలోకి రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

"ఎంపిక" అనే మాటతోనూ జాగ్రత్త. శిబిరానికి పిలుపు వస్తే "శిబిరానికి పిలుపు" అనే రాయండి. "భారత జట్టుకు ఎంపిక" అని అచ్చయి, తర్వాత జట్టులో పేరు లేకపోతే "వేటు పడింది" అంటారు. ఎక్కనే ఎక్కని బండిలోంచి దించేశారని వార్త! ఎంట్రీ ఫీజు కట్టిన వాళ్లందరినీ ఆడనిచ్చే విదేశీ ఓపెన్ టోర్నీని "అంతర్జాతీయ స్వర్ణం" అని రాయించుకోవడం కూడా ఇలాంటిదే. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని బయటికి లాగుతారు.

మీట్ స్థాయి రాయకపోతే ఏమవుతుందో చూడాలంటే స్ప్రింటర్ హిమా దాస్ 2019 జూలై చాలు. పోలండ్, చెక్ దేశాల్లో మూడు వారాల్లోపే ఐదు స్వర్ణాలని దేశమంతా ఊగిపోయింది. అవి చిన్న స్థాయి మీట్లు. ఆ ఐదింటిలో ఒకే ఒక్క 400 మీటర్లలో ఆమె టైమ్ 52.09. ఆ ఏడాది దోహా ప్రపంచ చాంపియన్‌షిప్ అర్హత 51.80. ఆమె సొంత రికార్డు అంతకు ముందేడు ఆసియా క్రీడల్లో పెట్టిన 50.79. అంటే ఆమె తన ఫామ్‌కు వెనకాలే ఉంది. ఐదు పతకాలు లెక్కపెట్టినవాళ్లు ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి ఉంటే ఆ తర్వాత అంత నిరాశ ఉండేది కాదు.

ఇంటి కథ ఎంతవరకు చెప్పాలి

పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి కథ వరంగల్‌లో తెలియనివాళ్లు లేరు. ఆమె పరుగెత్తేది టీ20 విభాగంలో, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. 2024 మేలో కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. "ప్రపంచ రికార్డు" అన్న మాట ఒక్కటే చదివినవాళ్లకు కాంస్యం దిగినట్టే అనిపిస్తుంది. పారిస్ హీట్స్‌లోనే తుర్కియే అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో ఆ రికార్డు దాటేసిందనీ, ఫైనల్లో మొదటి మూడు స్థానాల మధ్య ఉన్న తేడా సెకను కూడా లేదనీ తెలిస్తే లెక్క వేరే ఉంటుంది.

ఆమె వార్తల్లో పరుగు కన్నా ఎక్కువ చోటు పట్టింది ఊళ్లో పడ్డ మాటలు, అమ్ముకున్న భూమి. అవి రాయడం తప్పని కాదు. అయితే ఒకసారి అచ్చయిన ఇంటి సంగతి ప్రతి మీట్‌కూ తిరిగి వస్తుంది, గెలిచినా ఓడినా. కాబట్టి మొదటి ఇంటర్వ్యూకు ముందే అమ్మానాన్నలు, కోచ్ కూర్చుని రెండు సంగతులు తేల్చుకోండి: చెప్పేవి ఏవి, అడిగినా చెప్పనివి ఏవి. అప్పులు, మందులు, డాక్టర్ కాగితాలు, ఇంట్లో గొడవలు రెండో దాంట్లోకి పోవాలి. పారా క్రీడాకారులైతే విభాగం పేరు, దాని అర్థం నోట్‌లో మీరే ఒక వాక్యంలో రాసి ఇవ్వండి. లేకపోతే "మానసిక వికలాంగురాలైనా" అని అచ్చవుతుంది.

సన్మానాలు

వారానికి ఒక్క రోజు పెట్టండి, ఆదివారం సాయంత్రమే. పిలిచిన ప్రతిచోటికీ పోతే పది రోజుల ప్రాక్టీస్ పోతుంది. ఆ తర్వాతి మీట్‌లో టైమ్ పడిపోతే "పొగడ్తలు తలకెక్కాయి" అని రాసేది కూడా ఆ శాలువా ఫొటో వేసినవాళ్లే.

నగదు, స్థలం, ఉద్యోగం ప్రకటిస్తే నోట్‌లో "ప్రకటించారు" అనే రాయండి, "అందింది" అనకండి. దీప్తికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఇంత పెద్ద అంకెలు శీర్షికకెక్కిన తర్వాత ఓటమి వార్తలో "కోట్లు తీసుకుని" అనే మాట దూరడం చాలా తేలిక. ఉత్తర్వు కాపీ, బ్యాంకులో పడ్డ తేదీ ఫైల్‌లో పెట్టుకోండి.

ఓడిన రోజు

ఈ రోజుకు మాటలు ముందే సిద్ధం చేసుకోవాలి, అప్పటికప్పుడు నోరు తిరగదు. ట్రాక్ దిగిన ఇరవై నిమిషాల వరకు ఎవరితోనూ మాట్లాడనీయకండి. ఫోన్ కోచ్ జేబులో ఉండాలి. తర్వాత మూడు వాక్యాలు చాలు: "ఇయ్యాల 61.2 ఉరికిన. నా బెస్ట్ కంటే నెమ్మదే. చివరి వంద మీటర్ల కాడ ఆగిపోయిన, దాని మీద పని చేస్తం." ట్రాక్ బాలేదు, సెలక్టర్లు బాలేరు, ఫలానా అమ్మాయి అట్లా చేసింది, ఇవేవీ ఆ రోజు వద్దు. నిజమైనా వద్దు. ఫిర్యాదు ఉంటే మర్నాడు సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఎందుకంటే గొడవ దొరికితే మీడియా ఆట వదిలేస్తుంది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2019లో అడిగింది ఒక నిబంధన గురించి: ఒలింపిక్ క్వాలిఫయర్‌కు ముందు ట్రయల్ పెట్టండి అని. అది చూస్తుండగానే "మేరీ కోమ్ వర్సెస్ నిఖత్" అయింది. డిసెంబర్ ట్రయల్‌లో 1-9తో ఓడాక నిబంధన సంగతి అడిగినవాళ్లు లేరు. అదే నిఖత్ 2022, 2023లలో వరసగా ప్రపంచ చాంపియన్. 2024 పారిస్‌కు "పతకం ఖాయం" అని పంపారు. ఆమెకు సీడింగ్ (బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేదు. రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వు యు ఎదురైంది, 0-5. ఆ వు యుదే చివరికి స్వర్ణం. ఎవరికి ఎవరు ఎదురో చెప్పే డ్రా పోటీలకు ముందే వచ్చేస్తుంది. డ్రా వచ్చిన రోజే "రెండో రౌండ్ గట్టిది, ఎదురు టాప్ సీడ్" అని కోచ్ వైపు నుంచి ఒక నోట్ పోతే, ఓడిన రోజు పేజీ కొంతైనా మారుతుంది.

ముద్ర పడితే తుడవడానికి పట్టే కాలం కూడా తెలుసుకోండి. పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్, 2017, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్ ఓడాక "ఫైనల్ ఫోబియా" అన్నారు. ఒలింపిక్ ఫైనల్ చేరడమే ఎంత కష్టమో పక్కకు పోయింది. 2019లో బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో ఓడించేదాకా ఆ మాట ఆగలేదు. క్రికెట్లో అయితే ఇదంతా ఒక్క రోజులో అయిపోతుంది. 2025 ఓవల్ టెస్ట్‌లో సిరాజ్ హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కినప్పుడు సోషల్ మీడియా తిట్టిపోసింది. బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు సిరాజ్ ఐదో వికెట్‌తో భారత్ 6 పరుగులతో గెలిచింది, తిట్టిన చేతులే దండలు వేశాయి.

ఇంకో సంగతి, ఇంట్లో కెమెరాలు. ఫైనల్ రోజు తల్లిదండ్రులు టీవీ చూస్తుంటే షూట్ చేస్తామని చానెళ్లు వస్తాయి. పోటీ అయిపోగానే కెమెరా బయటికి పోవాలన్న షరతు మీదే ఒప్పుకోండి. ఓడితే ఆ తల్లి ఏడుపు వారం రోజులు థంబ్‌నెయిల్ అవుతుంది.

తప్పు రాస్తే

కోపంతో కామెంట్లు పెట్టకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, లింకు, తేదీ రాసిపెట్టుకోండి. పత్రిక అయితే మొదట సంపాదకుడికి లేఖ రాయాలి. సవరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, దినపత్రికలకు గడువు వార్త వచ్చిన రెండు నెలలు. వార్తా వెబ్‌సైట్ అయితే దాని ఫిర్యాదుల అధికారికి రాయండి, 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. మైనర్ పిల్ల లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇస్తే పేరు, ఫొటో, స్కూల్, ఊరు ఏదీ వేయకూడదు, పోక్సో చట్టం 23వ సెక్షన్ అది. అలాంటప్పుడు సవరణ అడగడం కాదు, నేరుగా పోలీసులకు చెప్పండి.

డోపింగ్ వార్త అన్నిటికన్నా ప్రమాదం. ఇచ్చిన శాంపిల్‌ను ఏ, బి అని రెండుగా వేరు చేసి పెడతారు. శాంపిల్ ఏ పాజిటివ్ అనగానే "దొరికింది" అని రాసేస్తారు. శాంపిల్ బి పరీక్ష, విచారణ ఇంకా మిగిలే ఉంటాయి. తాత్కాలిక సస్పెన్షన్ వేరు, శిక్ష వేరు. పిల్లలు వాడే ప్రతి మందూ, దగ్గు సిరప్‌తో సహా, తేదీతో రాసి ఉంచుకోండి. ఆ రోజు వకీలు అడిగే మొదటి కాగితం అదే.

ఇవన్నీ ఒకే నోట్‌బుక్‌లో: తేదీ, మీట్, టైమ్, స్టాప్‌వాచా ఎలక్ట్రానికా, స్థానం, ఆ రోజు గాయం ఉంటే గాయం. మళ్లీ సీజన్‌లో "మీ పాప ఫామ్ పోయిందంట గదా సార్" అని విలేకరి ఫోన్ చేస్తే, ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్ చేయండి.