సంక్రాంతి ప్రయాణానికి ముందు ఇంట్లోనే ఆయిల్ మారుస్తున్నారా? ఫిల్టర్ దగ్గర జాగ్రత్త

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కారులో బయల్దేరేవాళ్లకు ముందుగా ఒక మాట. ఇంజన్ ఆయిల్ మీరే మార్చుకోవాలనుకుంటే భోగి ముందు రోజు రాత్రి మొదలుపెట్టకండి. కనీసం వారం ముందు, షాపులు తెరిచి ఉండే రోజున, పొద్దున్నే పెట్టుకోండి. ఆయిల్ దించడం, పోయడం పెద్ద విద్యేం కాదు. ఏడిపించేది ఫిల్టరే. అది ఊడకపోయినా, తెచ్చింది వేరే మోడల్‌దని సగంలో తెలిసినా షాపుకి పరుగెత్తాలి. అప్పటికే ఆయిల్ దించేసిన కారు కదలదు కాబట్టి ఇంకో బండి కూడా ఉండాలి.

అందుకే ఆయిల్ దించడానికి ఇంజన్ కింద ఉండే డ్రెయిన్ బోల్టు ముట్టుకోకముందే ఫిల్టర్ కదులుతుందో లేదో చూడండి. ఎంతకీ కదలకపోతే ఆయిల్ ఇంకా లోపలే ఉంది కాబట్టి నేరుగా మెకానిక్ దగ్గరకు నడుపుకుంటూ వెళ్లొచ్చు. ఒకసారి కదిలిందంటే మాత్రం పని పూర్తయ్యేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కిందకు దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అంతకన్నా ప్రమాదం, చెప్పాపెట్టకుండా పగులుతాయి. సమతలంగా ఉన్న నేల, జాకీ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డుగా దిమ్మెలు, హ్యాండ్ బ్రేకు. ఇవేవీ కుదరకపోతే ఈ పని ఇంట్లో వద్దు.

ఫిల్టర్ అంటే ఎక్కువ కార్లలో ఇంజన్‌కు మరతో బిగించే రేకు డబ్బా. కొనేటప్పుడు ఆ డబ్బా సైజు చూసి తెచ్చుకోకండి. కారు మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా చెప్పి, పార్టు నంబరు సరిచూసుకుని తీసుకోండి. మర కొలతలో కొద్దిపాటి తేడా కంటికి ఆనదు. 20 మి.మీ. మర ఉన్న ఫిల్టర్ ఇంజన్ వైపున్న ముప్పావు అంగుళం స్టడ్డు (మరలున్న గొట్టం) మీద వదులుగా ఎక్కేస్తుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, ఒత్తిడి వచ్చాక ఊడిపోతుంది. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిలో వదిలే బైపాస్ వాల్వు లోపల ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందన్నది అసలు బయటికి కనిపించే విషయమే కాదు.

ఇక ఊడని ఫిల్టర్. కింద పడుకుని పని చేస్తుంటే దిక్కు తారుమారై, విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేస్తుంటాం. ఫిల్టర్ అడుగు భాగం మీ ముఖానికి ఎదురుగా ఉందనుకుని, గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పాలి. ఆయిల్ లోపల ఉండగానే ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు ఆన్ చేసి ఆపితే, ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు రింగు పట్టు కాస్త సడలుతుంది. అంతకుమించి వేడెక్కనివ్వొద్దు, పక్కనే సైలెన్సర్ గొట్టం ఉంటే చెయ్యి కాలుతుంది. డబ్బాకు అంటిన జిడ్డు తుడిచి, ఎమరీ పేపరు చుట్టి తిప్పి చూడండి. కాకపోతే బెల్టు పానా, లేదా అడుగున టోపీలా పట్టేసే పానా. బెల్టు పానాను ఇంజన్‌కు దగ్గరగా, గట్టిగా ఉన్న అంచు వైపు వేయాలి. చివర వేస్తే డబ్బా నలిగిపోతుంది. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పే పద్ధతి చాలామంది చూపిస్తారు గానీ నాకు ససేమిరా నచ్చదు. రేకు చిరిగి, ఇంజన్ వైపు ఉండే పళ్లెం ఒక్కటే దానికి అంటుకుని మిగిలిపోతే, దాన్ని ఉలితో ఊడదీయడం అనుభవమున్న చేతులు చేయాల్సిన పని.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఫిల్టర్ తేలిగ్గా ఊడినప్పుడే పొంచి ఉంటుంది. ఊడిన ఫిల్టర్‌ను తిరగేసి, దాని నల్లటి రబ్బరు రింగు దానికే ఉందా చూడండి. లేకపోతే అది ఇంజన్‌కు అంటుకుని ఉన్నట్టే. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఆపినప్పుడు చుక్క కూడా కారదు. చల్లటి ఇంజన్ స్టార్టయితే ఆయిల్ ఒత్తిడి 4, 5 బార్ల దాకా పోవచ్చు, అంటే కారు టైరులో గాలికి రెట్టింపు. అప్పుడు ఒక రింగు పక్కకు జారి, ఆయిల్ మొత్తం నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది. ఇది హైవే మీద జరిగితే ఇంజన్ ఖర్చు చెప్పక్కర్లేదు. ఇంజన్ వైపు ఆ గుండ్రటి చోటును టార్చి వేసి చూసి, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాకే కొత్తది చేతిలోకి తీసుకోండి.

కొత్త రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాయండి. పొడిగా బిగిస్తే మెలిక పడొచ్చు, వచ్చేసారి ఊడకుండా మొండికేస్తుంది కూడా. రింగు ఇంజన్‌ను తాకేదాకా చేత్తో తిప్పి, అక్కడి నుంచి సాధారణంగా ముప్పావు చుట్టు. ఎంతో ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది, అదే పాటించండి. పానాతో బిగించడం వద్దు. ఈసారి పానాతో బిగించినవాళ్లే వచ్చేసారి ఫిల్టర్ ఊడట్లేదని తిట్టుకుంటారు.

కొన్ని డీజిల్ కార్లలో రేకు డబ్బాకు బదులు ప్లాస్టిక్ మూత, లోపల కాగితం ఫిల్టర్ ఉంటాయి. ఫిల్టర్‌తో వచ్చిన కొత్త రింగును మూత మీది సరైన గాడిలోనే వేయాలి. పక్క గాడిలో పడితే లీకు ఖాయం. మూత మీద బిగింపు అంకె ఉంటే, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ పానా వాడండి, అతిగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బైకుల్లోనూ తేడాలున్నాయి. స్ప్లెండర్‌కు ఫిల్టర్ కొనే పనే లేదు, గిరగిరా తిరుగుతూ మురికిని వేరుచేసే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌నూ జల్లెడనూ శుభ్రం చేయడమే.

ఆయిల్ పోసేటప్పుడు మాన్యువల్లో రెండు అంకెలు ఉండొచ్చు, ఫిల్టర్ మారిస్తే ఎంత, మార్చకపోతే ఎంత అని. స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరాలి. పది సెకన్లకు కూడా ఆరకపోతే వెంటనే ఆపేయండి, రేస్ చేయొద్దు. ఆరితే ఒక నిమిషం నడవనిచ్చి కింద చూడండి. మార్చేటప్పుడు ఒలికిన ఆయిల్ ముందే తుడిచి ఉంచకపోతే అది లీకో మరకో తేలదు. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) చూస్తే మట్టం కొంచెం తగ్గి ఉంటుంది, ఫిల్టర్ నిండినందుకు. ఆ మేరకు పోయండి. రాత్రి కింద అట్ట పరిచి, మర్నాడు మరక ఉందేమో చూడండి. కొత్త ఫిల్టర్ వేశాక రోజూ పొద్దున స్టార్టింగ్‌లో కాసేపు టకటకమంటుంటే, ఆయిల్ వెనక్కి దిగకుండా ఆపే రబ్బరు వాల్వు పనిచేయట్లేదేమో అనుమానించాలి.

పాత ఆయిల్‌ను చెదలకని తలుపులకు పూయడం, డ్రైనేజీలో పోయడం మానండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. చర్మానికీ మంచిది కాదు, గ్లోవ్స్ వేసుకోండి. ఫిల్టర్‌ను రాత్రంతా బోర్లించి, కారిన ఆయిల్‌నూ డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.