పార్థియన్ నాణేల మీద అచ్చు చెక్కినవారి చేతిని గుర్తుపట్టడం ఎలా?

ప్రాచీన ఇరాన్‌ను ఏలిన పార్థియన్ రాజు రెండవ ఒరోడెస్ (క్రీ.పూ. 57–38) ద్రఖ్మాలు, అంటే వెండి నాణేలు, ఓ పది వరుసగా పేర్చి చూడండి. రాజు ఒక్కడే, ముఖాలు మాత్రం రకరకాలు. ఆ తేడా నాణేలు కొట్టే అచ్చులు చెక్కిన పనివాళ్లది. వాళ్ల పేర్లు మనకు అందలేదు కానీ చేతి తీరు వెండి మీద నిలిచిపోయింది.

ముందు ఒకే రాజు, ఒకే టంకశాల నాణేలను ఎంచుకోండి. బొరుసు వైపు కూర్చున్న విలుకాడి వింటి కింద అక్షరాలు పెనవేసిన గుర్తు ఉంటుంది, టంకశాలను చెప్పేది అదే. ఎక్బటానా (ఇరాన్‌లోని నేటి హమదాన్) గుర్తున్నవాటితో మొదలుపెట్టండి. ఫోటోలన్నీ ఒకే పరిమాణంలో, వెలుతురు ఒకే వైపు నుంచి పడినవై ఉండాలి. లేకపోతే నీడే ముక్కును మార్చేస్తుంది.

తర్వాత ఒకే అచ్చుతో కొట్టినవాటిని పక్కన పెట్టండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. అచ్చు ఒకటే అయితే గీతల మధ్య ఎడంతో సహా అన్నీ కలుస్తాయి. పదిలో నాలుగు ఒకే అచ్చువైతే మీ చేతిలో ఉన్న సాక్ష్యాలు ఏడే.

ఇక అసలు పని. ముఖం జోలికి పోకండి. ముక్కు, గడ్డం, నుదుటి మీది పులిపిరి రాజు పోలికలు, ఎవరైనా శ్రద్ధగా దించేవే. అలవాటు బయటపడేది ధ్యాస పెట్టని చోట. 19వ శతాబ్దంలో ఇటలీకి చెందిన జొవాన్ని మొరెల్లి చిత్రకారులను చెవులు, గోళ్లను బట్టి గుర్తించింది ఈ సూత్రంతోనే. ఇక్కడ మెడ వెనుక తలపట్టీ ముడి, విలుకాడి వేళ్లు, ఆసనం కాళ్లు చూడండి. జుట్టు అలల దగ్గర భూతద్దం ఆపండి. అచ్చులో ఉలి లోతుగా దిగినచోట నాణెం మీద గీత ఎత్తుగా లేస్తుంది. ఏ కొసన ఎత్తుగా ఉండి ఏ కొసన సన్నబడిందో పరిశీలించండి. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉంటుంది కనుక ఫోటోను అద్దంలోలా తిప్పి చూస్తే ఆ చేయి కదిలిన దిశ తెలుస్తుంది.

నాణెం మీది గ్రీకు అక్షరాలూ చూడాలి. ఒకే తప్పు వేర్వేరు అచ్చుల మీద కనిపిస్తే అది బలమైన ఆధారం, అయినా మరొకరు చూసి చెక్కి ఉండవచ్చు. కనీసం మూడు లక్షణాలు కలిస్తేనే ఒకే చేయి అనండి. బొమ్మ, బొరుసు ఒకరే చెక్కారని ముందే అనుకోవద్దు. సుత్తి దెబ్బ నేరుగా తినే బొరుసు అచ్చు సాధారణంగా త్వరగా అరుగుతుంది, అందుకే ఒకే బొమ్మ అచ్చుకు చాలా బొరుసు అచ్చులు జతపడతాయి.

గుంపులను కాగితం మీద రాసి దాచేయండి. వారం తర్వాత ఫోటోలు కలిపేసి మళ్లీ విడదీయండి. అవే గుంపులు వస్తే అప్పుడు ఒక్కొక్క చేతికి ‘అ’, ‘ఆ’ అని పేరు పెట్టండి.