అమెరికా బడిలో మొదటి ఏడాది: మన జిల్లాల టీచర్లకు కొన్ని మాటలు

విజయనగరంలో మా ఇంటికి ఈ మధ్య యువ ఉపాధ్యాయులు తరచుగా వస్తున్నారు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చి, "అమెరికా బడిలో ఉద్యోగం దొరికింది మేడం, ఏం పట్టుకెళ్లాలి?" అని అడుగుతారు. ఇక్కడి హైస్కూళ్లలో పద్దెనిమిదేళ్లు, అక్కడ ఐదేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. వాళ్లకు చెబుతున్నదే, ఇప్పటికే అక్కడ దిగి తికమక పడుతున్నవారి కోసం కూడా రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. డిగ్రీ, బీఈడీ ట్రాన్స్‌క్రిప్టులు, అంటే సబ్జెక్టులవారీ మార్కుల పత్రాలు, సీలు వేసిన కవర్లలో అదనంగా తీసుకోండి. సర్వీసు ధ్రువపత్రంలో మీరు చెప్పిన తరగతులు, సబ్జెక్టులు, సంవత్సరాలు విడివిడిగా రాయించుకోండి. టీచరు లైసెన్సు నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. సముద్రం దాటాక ఇక్కడి ఆఫీసులో ఒక్క సంతకం పెట్టించాలన్నా నెలలు పడుతుంది. జె-1 అనే తాత్కాలిక మార్పిడి వీసా మీద వెళ్లే టీచర్లు ముందు మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఐదేళ్ల వరకు అక్కడ పనిచేయవచ్చు.

ఇక బడి. మొదటి పరీక్ష పేపర్లు దిద్ది, ఇక్కడ అలవాటైన పద్ధతిలో ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు పేర్లు చదువుతూ ఇచ్చాను. చివరగా పిలిచిన అమ్మాయి తన పేపరు తీసుకోవడానికి లేవలేదు. గంట కొట్టాక పక్క గది టీచరు వచ్చి, ఒకరి మార్కులు మరొకరికి తెలియనివ్వకూడదని మెల్లగా చెప్పారు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు అక్కడ 1974 నుంచి చట్టం ఉంది. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మాత్రం ఇక్కడి పిల్లలు. ఏళ్ల తరబడి నేను చివరగా పిలిచిన పేర్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

మరో సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వైకల్యమో, నేర్చుకోవడంలో ఇబ్బందో ఉండి ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి విద్యార్థికీ విడిగా ఒక విద్యా ప్రణాళిక రాస్తారు. ఐఈపీ అంటారు. తల్లిదండ్రులు కూడా కూర్చుని రాసే ఆ పత్రాన్ని టీచరు పాటించి తీరాలి. నా తరగతిలో ఒక అబ్బాయికి పరీక్షలో అదనపు సమయం, గళ్ల కాగితం ఇవ్వాలని ఉంది. మిగతావారికి అన్యాయం కదా అనిపించింది. సమావేశానికి వాళ్లమ్మ పాత నోటుపుస్తకం తెచ్చింది. తెల్ల కాగితం మీద వాడు వేసిన గుణకారంలో ఒకట్లు పదుల కిందికి, పదులు వందల కిందికి జారిపోయి ఉన్నాయి. అదే లెక్కను గళ్ల కాగితం మీద నా ముందే వేశాడు. గడికి ఒక అంకె, జవాబు సరిగ్గా వచ్చింది. మన ఒకటో తరగతి పిల్లలకు ఇచ్చే గళ్ల పుస్తకమే అది. ఇక్కడ నా దగ్గర చదివిన ఒక అబ్బాయి లెక్కలూ అలాగే చెదిరిపోయేవి. శుభ్రంగా రాయవేమని రోజూ కోప్పడ్డాను. వాడికి కావలసింది గళ్లపుస్తకమని నాకు తోచనే లేదు.

అందుకే ఆ పత్రాలను అదనపు చాకిరీగా చూడకండి. మొదటి వారంలోనే అడిగి తీసుకుని చదవండి.

పిల్లలపై ఇంట్లోనో బయటో హింస జరుగుతోందన్న అనుమానం వస్తే సంబంధిత అధికారులకు తెలియజేయడం అక్కడ టీచరుకు చట్టరీత్యా విధి. కొన్నాళ్లు చూద్దామని ఊరుకోకండి.

అక్కడ దేశమంతటికీ ఒకే సిలబస్ లేదు. చాలా నిర్ణయాలు రాష్ట్రానివి, స్థానిక బడి బోర్డువి. 2015 నాటి కేంద్ర చట్టం మాత్రం మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా, హైస్కూల్లో ఒకసారి చదవడంలో, లెక్కల్లో రాష్ట్ర పరీక్షలు పెట్టాలంటుంది. బోర్డు సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు. ఒక సాయంత్రం వెనక వరుసలో కూర్చుని చూడండి. బస్సు వేళల కోసం, ఒక్క టీచరు పోస్టు కోసం తల్లిదండ్రులు లేచి మాట్లాడతారు. మన ఊళ్లలోనూ అలా అడిగే రోజు రావాలని నాకు ఎంతో ఆశ.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. మీరు చేయవలసిందీ అదే. వాళ్ల పేర్లు సరిగ్గా పలకడం, వాళ్ల యాస వినడం, ఎక్కడ ఆగిపోతున్నారో గమనించడం మొదటి ఏడాది పని.

డాక్టరేటు తొందర ఆ ఏడాది వద్దు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఈడీడీ అనే విద్యాశాస్త్ర డాక్టరేటు, విశ్వవిద్యాలయ పరిశోధన వైపు వెళ్లదలచినవారికి పీహెచ్‌డీ సాధారణంగా సరిపోతాయి. మీ వీసా చదువుకు ఎంతవరకు అనుమతిస్తుందో ముందుగా రాతపూర్వకంగా అడగండి. పిల్లల మీద పరిశోధనకు విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా మండలి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి సాధారణంగా ముందే ఉండాలి. నేను ఏడాదంతా పోగుచేసిన నోటుపుస్తకాల ప్రతులు అనుమతి లేక పరిశోధనకు పనికిరాకుండా పోయాయి. అయినా నా పరిశోధన ప్రశ్న ఆ గళ్ల కాగితంలోనే దొరికింది: స్థానవిలువలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఎందుకు?

మీ ప్రశ్న దొరికేదాకా చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. ఏ రోజు, ఏ లెక్క దగ్గర, ఏం జరిగిందో తేదీ వేసి రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.