బాగా చేసే పనోడు డల్ అయితే ముందు ఏం చూడాలి

బెజవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీలు కట్టే షెడ్డు, తొమ్మిదిమంది పనోళ్ళు. ఆర్గనైజేషనల్ బిహేవియర్, అదే పనిచేసేచోట మనుషుల తీరు గురించిన చదువు, అంటే ఎంబీఏ పిల్లలు పరీక్ష ముందు బట్టీ కొట్టే సబ్జెక్టేలే అనుకునేవాణ్ణి, మన షెడ్డుకి పనికొచ్చే ముక్కలు అందులో బానే ఉన్నాయి.

బాగా చేసేవాడు ఉన్నట్టుండి చల్లబడిపోతే వెంటనే పిలిచి తిట్టకండి, పొగరెక్కిందని మిగతావాళ్ళ దగ్గర అసలు అనకండి. ఓ వారం ఊరికే గమనించండి, ఎన్నింటికొస్తున్నాడు, టీ ఎవరితో తాగుతున్నాడు, ఎవరొస్తే మాట ఆపేస్తున్నాడు. మా వెల్డింగ్ మేస్త్రి పన్నెండేళ్ళ నించి ఉన్న మనిషి, జాయింట్ సగంలో ఉంటే అది అయ్యేదాకా లేచేవాడే కాదు, అలాంటిది ఆరు కొట్టగానే హోల్డర్ పక్కన పడేసి చేతులు కడుక్కోడం మొదలెట్టాడు. ఆరా తీస్తే తప్పు నాదే. కొత్త కుర్రాణ్ణి రోజుకి వంద ఎక్కువిచ్చి పెట్టుకున్నా, ఆ సంగతి ఈయనకి టీకొట్టు దగ్గర తెలిసింది.

1963లో ఆడమ్స్ అనే సైకాలజిస్ట్ దీనికే ఈక్విటీ థియరీ అని పేరు పెట్టాడు. నా కష్టానికి నాకెంత, పక్కోడి కష్టానికి వాడికెంత అని మనిషి లెక్కేసుకుంటాడు, తేడా కొడితే నోరు తెరిచి అడగడం కన్నా పని తగ్గించుకోడం సులువు కదా. అందుకే కూలిలో తేడా పెడితే ఎందుకో ముందే అందరికీ చెప్పెయ్యండి, చెప్పలేని తేడా అయితే పెట్టకండి.

మేస్త్రికి పెంచా. గొణుగుడు ఆగింది గానీ హుషారు రాలేదు. 1959లో హెర్జ్‌బర్గ్ అనే సైకాలజిస్ట్ చెప్పిందీ ఇదే, జీతం, ఫ్యాను, బాత్రూమ్ లాంటివి బాలేకపోతే మనిషికి మండుద్ది, బాగుంటే ఆ మంట ఆరుద్ది, అంతే, పని మీద మనసు పడాలంటే గుర్తింపు, బాధ్యత కావాలి. (ఇది పట్టుకుని జీతం ఎగ్గొట్టే ఓనర్లూ ఉన్నారు, వాళ్ళకి సగమే అర్థమైనట్టు.)

తర్వాతి ఛాసిస్ రాగానే బండి ఓనర్ ముందే, "మేస్త్రిగారూ, ఈ బండి మీది, డెలివరీ ఎప్పుడో మీరే చెప్పండి" అన్నా. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, బాధ్యత ఇచ్చాక మధ్యలో వేలు పెడతారు. మూడోరోజు కుర్రాడి వెల్డింగ్ నచ్చక మేస్త్రి గ్రైండర్ పెట్టి కోసేసి మళ్ళీ వేయించాడు, రాడ్లు వేస్టవుతున్నాయే అని నాకు ప్రాణం కొట్టుకుంది, అయినా గదిలోంచి బయటికి రాలేదు.