కుండీలో రాణి కిత్తనార పెంచడం ఎలా?

కిత్తనార అనగానే నిలువెత్తు ముళ్ల మొక్కే గుర్తొస్తుంది. కానీ ఇందులో ఎదిగినా సాధారణంగా అర మీటరు వెడల్పు దాటని చిన్న జాతి ఒకటుంది. శాస్త్రీయ నామం అగేవ్ విక్టోరియే-రెజీనే. 1875లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త థామస్ మూర్ దీనికి విక్టోరియా రాణి పేరు పెట్టాడు. పుట్టిల్లు మాత్రం ఈశాన్య మెక్సికోలోని చువావా ఎడారి, అక్కడి సున్నపురాతి వాలులు.

కొనేముందు ఆకు చూడండి. అంచున పళ్లు ఉండవు, తెల్లటి పట్టీ ఉంటుంది, కొసన నల్లటి ముల్లు. ఆకు మీద సుద్దతో గీసినట్టు కనిపించే తెల్ల చారలు మొగ్గ దశలో పక్క ఆకులు ఒత్తుకున్న గుర్తులు. కలబంద అనుకునేవాళ్లూ ఉన్నారు. కలబంద ఆకు విరిస్తే జిగురు గుజ్జు, దీనిలో నార. అడవిలో తవ్వి తెచ్చినదాన్ని కాకుండా విత్తనంతో పెంచిన మొక్కనే తీసుకోండి. ఈ జాతి అంతర్జాతీయ అమ్మకాలపై సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద నియంత్రణ కూడా ఉంది.

మట్టి కలపడం. సగానికి పైగా ముతక ఇసుక, ప్యూమిస్ (తేలికైన, రంధ్రాలున్న అగ్నిపర్వత రాయి) లేదా చిన్న రాళ్లు ఉండాలి, మిగతాది మామూలు మట్టి. పోసిన నీళ్లు క్షణాల్లో అడుగు నుంచి కారాలి. మట్టికుండీ మేలు, మొక్క కంటే కాస్త వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది, వేరు ఊపిరాడక కుళ్లుతుంది.

నాటేటప్పుడు మందపాటి గ్లౌజులు వేసుకుని, మొక్కను మడిచిన పాత పేపర్లతో చుట్టి పట్టుకోండి. ముల్లు పోటు ఒక బాధ, ఆకు రసం తగిలితే చర్మం దురద ఇంకో బాధ. ఆకుల మొదలు మట్టిలో పూడ్చకండి. వేళ్లు తెగి ఉంటే కొన్ని రోజులు ఆగి నీళ్లు పోయండి.

నీళ్లు. అసలు టెన్షన్ ఇక్కడే. ఈ మొక్క తన ఆకు రంధ్రాలను ఎక్కువగా రాత్రిపూట తెరుస్తుంది. చల్లటి వేళ కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండలో వాడుకుంటుంది. అందుకే నీరు పెద్దగా ఆవిరికాదు, దాహమూ తక్కువ. ఎండాకాలంలో మట్టి పూర్తిగా ఆరాక బాగా తడపండి, మళ్లీ ఆరేదాకా ఆగండి. చలికాలంలో దాదాపు మానేయండి. నా మొదటి మొక్క కింద పెట్టిన పళ్లెంలో నీళ్లు నిలిచి చచ్చింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, వేళ్లు మాత్రం గుజ్జయ్యాయి. అప్పటి నుంచి పళ్లెమే పెట్టను.

ఎండ కావాలి, కానీ నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా తీవ్రమైన ఎండలో పెడితే ఆకు మాడుతుంది. రెండు వారాల్లో మెల్లగా అలవాటు చేయండి. ఎరువు ఎంత తక్కువైతే అంత మంచిది.

పిలకలు వస్తాయా? చాలా మొక్కలు ఒంటరివే, కొన్ని రకాలే పిలకలు పెడతాయి. కాబట్టి విత్తనాలే దిక్కు. నల్లటి చదునైన గింజలను తడి ఇసుక మట్టిపై పరిచి, వెచ్చగా ఉంచితే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి.

పూత ఇరవై ముప్పై ఏళ్లకు రావచ్చు. నడిమధ్య నుంచి కొమ్మలు లేని కాడ దూసుకొచ్చి నాలుగు మీటర్ల దాకా లేస్తుంది. ఆకుల్లో దాచుకున్నదంతా ఆ కాడకే పోతుంది, గింజలు పండాక మొక్క ఎండిపోతుంది. కాడ కోసేసినా చావు ఆగదు. పూయనివ్వండి, గింజలు ఏరిపెట్టుకోండి.